టెక్సాస్ తెలుగు వేటగాళ్ల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. దాంతో పాటు ఈ ఏడాది ఎవరు ఎంత కష్టపడ్డారో అందరికీ తెలియాలి కూడా.

ముందుగా కృతజ్ఞతలు. లానో దగ్గర తమ రాంచ్‌లో మనకి చోటిచ్చిన పెద్దాయనకి, తన గరాజ్‌నే రీలోడింగ్ (మన తూటాలు మనమే నింపుకోవడం) గదిగా మార్చి ప్రెస్సులు, స్కేళ్లు అన్నీ మన చేతికిచ్చిన ఉపాధ్యక్షుల వారికి, అంతమందికి పులిహోర, కోడి వేపుడు చేసి పంపిన అక్కలకి, వేటాడిన జింక మాంసంలో కొంత, ఆకలితో ఉన్నవాళ్లకి చేర్చే హంటర్స్ ఫర్ ది హంగ్రీ కార్యక్రమానికి ఇచ్చిన సభ్యులకి సంఘం తరఫున ధన్యవాదాలు. పేర్లన్నీ సమావేశంలో చదువుతాను, చప్పట్లు గట్టిగా కొట్టాలి.

కొత్తగా చేరినవాళ్లు చాలామంది హెచ్1బీ మీద ఉన్నారు, కాబట్టి ఈ ఒక్క విషయం మళ్లీ చెప్తున్నా. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడటానికి లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవాలంటే మామూలుగా చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండాలి. అది ఆగస్టు 31తో అయిపోతుంది, పండగల హడావుడిలో మర్చిపోకండి. అనుమానం ఉంటే షూటింగ్ రేంజ్‌కి వచ్చే ముందే లాయర్‌ని అడగండి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది "ఏ రైఫిల్‌కి ఏ బరువు బుల్లెట్" అని పెట్టుకున్న రోజు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు లేనట్టే, మనలో ఎక్కువమంది ఇదంతా ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాం, అందుకే "బరువు ఎక్కువైతే దెబ్బ గట్టిగా ఉంటుంది" అనే ఒక్క మాట పట్టుకుని అందరూ .308 రైఫిల్‌కి 180 గ్రెయిన్ల బుల్లెట్లే కొనేస్తున్నారు. (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత; పౌండుకి 7,000 గ్రెయిన్లు, అంటే 150 గ్రెయిన్ల బుల్లెట్ పది గ్రాములకి కాస్త తక్కువ.) మామూలు .308 తూటాల్లో 150 గ్రెయిన్లది సెకనుకి సుమారు 2,820 అడుగుల వేగంతో పోతుంది, 180 గ్రెయిన్లది 2,620 దగ్గర. హిల్ కంట్రీ (మధ్య టెక్సాస్ కొండ ప్రాంతం) తెల్లతోక జింకలు పెద్ద శరీరం ఉన్నవి కావు, వాటికి 150 చాలు, కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను కూడా తక్కువ, కొత్తవాళ్లు బెదరకుండా ట్రిగ్గర్ నొక్కగలరు. భుజం మీద మందపాటి చర్మం కట్టిన మగ పందుల కోసమైతే తగలగానే ముక్కలవని గట్టి కట్టుబడి ఉన్న 165 గ్రెయిన్ల బుల్లెట్ వాడమని నా సలహా. 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ బరువులో దీనికి దగ్గరగా ఉందని వేటకి తెచ్చినవాళ్లున్నారు, అది కాగితం మీద టార్గెట్ కోసం చేసింది, జంతువులో ఎలా తెరుచుకుంటుందో నమ్మలేం. దయచేసి తేవద్దు.

ఆ రోజు అందరి కళ్లూ తెరిపించింది మన సభ్యుడొకరు పాతది కొన్న .244 రెమింగ్టన్ రైఫిల్. 1955లో రెమింగ్టన్ దీన్ని 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గాడితో (బుల్లెట్‌ని గిర్రున తిప్పడానికి గొట్టం లోపల చెక్కింది), 90 గ్రెయిన్ల లోపు బుల్లెట్ల కోసం తెచ్చింది. అదే ఏడాది వచ్చిన .243 విన్‌చెస్టర్‌కి 10 అంగుళాలకి ఒక చుట్టు, అది 100 గ్రెయిన్లు తట్టుకుంది, జింకల వేటగాళ్లు దానివైపే పోయారు. చివరికి 1963లో రెమింగ్టన్ 9 అంగుళాల గాడితో 6ఎంఎం అని పేరు మార్చి మళ్లీ దింపాల్సి వచ్చింది. మనవాడు ఆ పాత గాడిలో 105 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ పెట్టాడు, అది చాలినంత తిరగక దొర్లుకుంటూ పోయింది, టార్గెట్ మీద చిల్లులు గుండ్రంగా కాదు, అడ్డంగా పడ్డాయి. 85 గ్రెయిన్లకి మార్చగానే చిల్లులన్నీ దగ్గర దగ్గరగా పడ్డాయి. గాడికి లెక్క బుల్లెట్ పొడవుతోనే, పొడుగైన దానికి తక్కువ అంగుళాల్లో ఒక చుట్టు తిరిగే గాడి కావాలి, బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది కాబట్టి బరువు చూస్తాం. రాగి సాంద్రత సీసం కన్నా తక్కువ, కాబట్టి పూర్తి రాగి బుల్లెట్ అదే బరువు సీసం బుల్లెట్ కన్నా పొడుగ్గా ఉంటుంది, అందుకే దాంట్లో ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోండి. 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి తక్కువ, 8 అంగుళాల గాడి ఉంటుంది, 140 గ్రెయిన్లది హాయిగా నడుస్తుంది.

ఇంకొకటి, ఇది ప్రాణాలకి సంబంధించింది. ఒక బరువుకి సరిపోయిన పౌడర్ కొలత ఇంకో బరువుకి పోయకండి. బరువు పెరిగితే తూటా కూర్చునే చాంబర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. రాగి బుల్లెట్ అయితే బరువు అదే ఉన్నా పౌడర్ పోసే కేస్‌లో ఎక్కువ చోటు తింటుంది. మాన్యువల్‌లో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన స్టార్టింగ్ లోడ్ (అన్నిటికన్నా తక్కువ పౌడర్ కొలత) దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లోడ్‌ని ఎవరూ వాడొద్దు.

జమాఖర్చులు కోశాధికారి గారు జతచేశారు, చూసుకోండి. తూటాలో పౌడర్‌ని వెలిగించే ప్రైమర్ల ధర 2020 కొరత తర్వాత పాత స్థాయికి రాలేదు, ఖర్చు పెరిగింది అందుకే.

బాధ కలిగించిన సంగతీ చెప్పాలి. వాలంటీర్లు కావాలంటే గ్రూప్‌లో అందరూ బొటనవేలు పెట్టారు, పొద్దున్నే టార్గెట్ బోర్డులు మోసింది మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ నలుగురైదుగురే. రాలేనప్పుడు రాలేనని ఒక్క మెసేజ్ పెడితే వేరేవాళ్లని చూసుకునేవాళ్లం. ఇంకోపక్క, ఒక రేంజ్ వాళ్లకి కొత్తవాళ్ల శిక్షణ కోసం ఒక పూట ఇమ్మని రాసిన ఉత్తరాలకి ఇప్పటికీ జవాబు లేదు, ఫోన్ చేస్తే మేనేజర్ లేరంటారు. కొత్త కమిటీ నేరుగా వెళ్లి అడగాలి, నేనూ వెంట వస్తాను.

జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కాపీ నాకు పంపాలి. సంఘం రీలోడింగ్ మాన్యువల్ తీసుకెళ్లినవాళ్లు సమావేశానికి పట్టుకురండి, దాని కోసం ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
మీ కార్యదర్శి