కుంపటి గడప బయటే ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే మా ఆదిలాబాద్‌లో ఇంటింటా ఒకటే పని, సందులు మూసుకోవడం. డిసెంబరు, జనవరిలో ఇక్కడ 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. మాది సిమెంటు రేకుల ఇల్లు. గోడకీ రేకుకీ మధ్య, రేకు వంపు తిరిగిన ప్రతిచోటా పిడికిలి పట్టేంత సందు ఉంటుంది, తెల్లవారుజామున అందులోంచి దూరే గాలి సరిగ్గా పడుకున్నవాళ్ల తల మీదికే వస్తుంది.

రెండేళ్ల కింద ఈ బాధ పడలేక మా ఆయనా నేనూ ఒక ఆదివారమంతా కూర్చుని పాత గోనెసంచులు కత్తిరించి ఆ సందులన్నిట్లో కుక్కాం, కిటికీకి పాలిథిన్ కవరు కొట్టాం, తలుపు కింద చీర చుట్టి పెట్టాం. ఆ రాత్రి చలి మరీ ఎక్కువగా ఉందని మా అత్తమ్మ మంచం పక్కన గమేళాలో బొగ్గులు పెట్టాం. పొగ పోయేదాకా వాకిట్లోనే ఉంచి, ఎర్రగా కణకణలాడుతున్నప్పుడే లోపలికి తెచ్చాం. పొగ లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాం.

రాత్రి రెండింటికి పాప వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందమ్మా అంది. తిన్నది పడలేదేమో అని లేచిన మా ఆయన రెండడుగులు వేసి, తూలి, గోడ పట్టుకున్నారు. అత్తమ్మని లేపితే పలకలేదు. తలుపు ఎలా తీశానో నాకే తెలియదు, నా కేకలకి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి అందరినీ బయటికి లాగారు. ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "గదిలో నిప్పులు పెట్టుకున్నారా?" ఆక్సిజన్ పెట్టారు. అత్తమ్మ మూడో రోజుకి ఇంటికొచ్చింది.

ఆయన చెబితేగానీ మాకు తెలియలేదు. బొగ్గు పొగ లేకుండా కాలుతున్నా అందులోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. అంటే మేం ఎంత శ్రద్ధగా సందులు మూశామో అంత ప్రమాదం తెచ్చుకున్నాం. స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టుకుని, చలి అని వెంటిలేటరు మూసేసేవాళ్లకీ ఇదే గండం.

ఇప్పుడూ సందులు మూస్తాం, కానీ గదిలోకి నిప్పు రాదు. కుంపటి వాకిట్లోనే, కాళ్లూ చేతులూ కాచుకున్నాక నీళ్లు చల్లి ఆర్పేస్తాం. వెచ్చదనమంతా పక్కలోనే చూసుకుంటున్నాం. నవారు మంచానికి కిందినుంచే చలి ఎక్కుతుంది కాబట్టి కప్పుకునేదాని కంటే పరుచుకునే బొంత మందంగా ఉండాలని మా అత్తమ్మ మాట, అది అక్షరాలా నిజం. పాత చీరలు కలిపి కుట్టి రేకుల కింద చాందినీలా కట్టాం, తెల్లారేసరికి రేకుకి పట్టే చెమ్మ కూడా ఇప్పుడు మీద పడటం లేదు. కిటికీ పైన జానెడు సందు మాత్రం వదిలేశాం.

మీకు నాదొక మనవి. చలికాలంలో జిల్లా పేజీలో కనిష్ఠ ఉష్ణోగ్రతలు వేస్తారు కదా, వాటి కిందే రోజూ రెండు లైన్లు వేయండి. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దని, తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే తలుపులు తీసి బయటికి వచ్చి 108కి ఫోన్ చేయమని. ఉట్నూరు, నార్నూరు వైపు ఊళ్లకి దుప్పట్లు పంచడానికి వెళ్లే దాతలు కూడా దుప్పటి చేతిలో పెడుతూ ఈ ఒక్క మాట చెప్పాలి. ఈ వారంలోనే మొదలుపెట్టండి. నిన్న సాయంత్రమే మా వీధిలో ఇద్దరు బొగ్గుల సంచులు మోసుకెళ్తుంటే చూశాను, ఇద్దరినీ ఆపి చెప్పాను.

ఒక పాఠకురాలు, ఆదిలాబాద్