కోడ్ నిల్వకు పరిమితి: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

విరాళాలతో, తీరిక వేళల్లో మనమే నడుపుకుంటున్న ఈ కోడ్ హోస్టింగ్ సర్వర్‌లో ఇకపై ఒక్కో ఖాతాకు నిల్వ పరిమితి ఉంటుందని తెలియజేస్తున్నాము. సోర్స్ కోడ్ మాత్రమే దాచుకునేవారికి ఇది అడ్డు కాబోదు. అక్షరాల ఫైళ్లను గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం) బాగా కుదించి ఉంచుతుంది కాబట్టి ఏళ్ల తరబడి సాగిన ప్రాజెక్టు కూడా సాధారణంగా పెద్దగా చోటు తీసుకోదు. చిక్కల్లా వీడియోలు, జిప్ ఫైళ్లు, బిల్డ్ ఫలితాలతోనే (కోడ్ నుంచి తయారైన ప్రోగ్రామ్ ఫైళ్లతో). ఇవి చాలావరకు ముందే కుదించినవి కావడంతో, మార్చిన ప్రతిసారీ దాదాపు పూర్తి ప్రతి ఒకటి చరిత్రలో చేరుతుంది. 50 ఎంబీ ఫైలును 20 సార్లు మార్చి పంపితే సుమారు 1 జీబీ అవుతుంది, బ్యాకప్ సంగతి వేరే.

తరువాత ఆ ఫైలును తొలగించినా పాత కమిట్లలో (చరిత్రలో భద్రపరచిన మార్పులలో) అది అలాగే ఉండిపోతుంది (ఇది తెలియక మేమూ ఒకసారి తల పట్టుకున్నాము). పూర్తిగా తీసివేయాలంటే చరిత్రను తిరగరాసే గిట్ ఫిల్టర్-రెపో వంటి సాధనం వాడాలి. అయితే దానివల్ల కమిట్ల గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి కనుక, తోటివారికి ముందే చెప్పి, పని ముగిశాక మళ్లీ క్లోన్ చేసుకోమనండి (అంటే కొత్త ప్రతి దించుకోమనండి). ఎల్ఎఫ్ఎస్‌లో (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ సదుపాయం) పెట్టినవీ లెక్కలోకి వస్తాయి.

పరిమితి దాటినా మేము దేనినీ చెరపము, కొత్త పుష్‌లు (సర్వర్‌కు మార్పులు పంపడం) మాత్రమే ఆగుతాయి. నిజంగా ఎక్కువ చోటు కావలసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులవారు కారణాన్ని రెండు వాక్యాల్లో రాసి నిర్వాహకులకు పంపగలరు.