ఫోటోలు చూసి వేసే చిత్రాలకు ఇకపై ఆర్డర్లు తీసుకోము: మా కొనుగోలుదారులకు ఒక వివరణ

మా అంగడిలో ప్రకృతి చిత్రాలు కొన్నవారికి, కొనాలని అడుగుతున్నవారికి నమస్కారం. ఈ దసరా నుంచి, మీరు పంపే ఫోటోలను చూసి చిత్రాలు వేసివ్వడం ఆపేస్తున్నాను. దానితోపాటు నీటిరంగుల చిత్రాల ధర కొంత పెరుగుతోంది, తైలవర్ణ చిత్రాలు మీ చేతికి అందే గడువు కూడా పెరుగుతోంది. ఇది మీలో చాలామందికి ఇబ్బంది కలిగించే నిర్ణయమే కనుక, దాని వెనుక ఉన్న కారణాలు పూర్తిగా చెప్పడం నా బాధ్యత.

తిరుపతిలో చిత్రపటాల అంగడి అనగానే శ్రీవారి పటాల కోసం లోపలికి వచ్చేవారే ఎక్కువ. మా గోడల మీద మాత్రం కొండలు, చెరువులు, మామిడితోటలు, శనక్కాయ చేలు, చింతచెట్ల నీడ పడిన పల్లె దారులు ఉంటాయి. స్వామి రూపాన్ని భక్తితో, నైపుణ్యంతో వేసే చిత్రకారులు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. ఆయన వెలసిన కొండను రోజంతా కూర్చుని చూసి వేసేవారు తక్కువ, నేను ఎంచుకున్నది ఆ పని. ఊళ్లో నుంచి ఉత్తరంగా చూస్తే శేషాచలం పైభాగాన గోడ కట్టినట్టు నిలువుగా ఎర్రని క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద వాలుగా దిగే గ్రానైటు కనిపిస్తాయి. ఈ రెండు రాళ్ల వయసుల మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల అంతరం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు, ఘాట్ రోడ్డు పక్కన అవి కలిసే చోటుకు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు కూడా ఉంది. పొద్దున ఎండ పక్కనుంచి పడుతున్నంతసేపు ఆ రాతిగోడలోని ప్రతి పగులూ నీడ గీతగా తేలుతుంది. మధ్యాహ్నానికి అదే కొండ చదునుగా, వెలిసిపోయినట్టుగా మారుతుంది. మళ్లీ సాయంత్రం చంద్రగిరి వైపు నుంచి వెలుగు వచ్చినప్పుడు పొద్దున కనిపించని మడతలు బయటపడతాయి.

ఫోటోలతో నాకున్న ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఫోన్ కెమెరాలో మామూలుగా వాడే లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి, ముందున్న రోడ్డు, గట్టు, కరెంటు స్తంభం పెద్దవిగా పడి, దూరపు కొండ చిన్న గుట్టలా కుంచించుకుపోతుంది. మన కన్ను అలా చూడదు. చెరువుగట్టు మీద నిలబడిన మనిషి చూపు కొండ మీదికే పోతుంది గనుక, మనసులో ఆ కొండ పెద్దదిగానే నిలుస్తుంది. పైగా ఫోన్ తనంతట తానే నీడలను వెలిగించి, ఆకాశాన్ని మరింత నీలంగా చేస్తుంది. ఏప్రిల్ ఎండలో చింతచెట్టు కింద పడే ముదురు ఊదా నీడ, ఆ ఫోటోలో బూడిదరంగు మరకగా మిగులుతుంది. బెంగళూరులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో స్థిరపడి, పలమనేరు దగ్గరో, పుత్తూరు దగ్గరో ఉన్న సొంతూరి ఫోటో పంపినవారికి ఆ ఫోటోలో ఉన్నది ఉన్నట్టు వేసి పంపితే, వారిలో చాలామంది అన్న మాట ఒకటే: "బాగుందండీ, కానీ మా కొండ ఇంకా పెద్దది." ఊరు విడిచి దూరంగా ఉన్నవారు డబ్బు పెట్టి కోరుకునేది వారి కంట్లో ఉన్న ఊరిని. చూడని ఊరికి నా ఊహతో కొండ ఎత్తు పెంచి, నీడలకు రంగులు పూసి ఇవ్వడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

అందుకని ఇకపై మీ ఊరు పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా హద్దుల్లో ఎక్కడ ఉన్నా నేనే వస్తాను. ఒక పొద్దున, ఒక సాయంత్రం అక్కడ కూర్చుని చిన్న నమూనాలు రెండు వేసి, వాటిలో మీరు ఎంచుకున్న దానిని పెద్ద చిత్రంగా ఇంటి దగ్గర పూర్తి చేస్తాను. ఊళ్లో మీ అమ్మానాన్నలో, పెదనాన్నో, పిన్నమ్మో ఉంటే ఆ పూట నాతో రావలసిందిగా వారిని అడగండి. ఏ గట్టు మీద నిలబడి చూసేవారు, ఏ చెట్టు ఇప్పుడు లేదు, వాగు ఎటు నుంచి పారేది అన్నది వారే చెప్పగలరు. ప్రయాణానికి అయిన ఖర్చు మాత్రమే విడిగా తీసుకుంటాను. ఉమ్మడి జిల్లా బయట ఉన్న ఊళ్లకు ప్రస్తుతం రాలేను. గండికోట, కోనసీమ, అరకు ప్రయాణాల్లో అక్కడే కూర్చుని వేసిన చిత్రాలు అంగడిలో ఎప్పటిలాగే ఉంటాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అంగడి ఆదాయంలో సగానికి దగ్గరగా ఈ ఫోటో ఆర్డర్ల నుంచే వచ్చేది, అది పోతుంది. ఊళ్లకు వెళ్లి వేస్తే నెలకు పూర్తయ్యే చిత్రాలు కూడా తగ్గుతాయి. 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల ఎత్తు ఉన్న నీటిరంగుల చిత్రాన్ని 3,500 రూపాయలకు ఇస్తున్నాను. దసరా నుంచి 4,500 తీసుకుంటాను. కాగితం విషయంలో మాత్రం తగ్గను. పూర్తిగా పత్తితో చేసిన 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితమే వాడతాను, ఎందుకంటే చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితం కొన్నేళ్లకే పసుపు రంగుకు మారి పెళుసెక్కుతుంది. రంగుల్లోనూ అంతే. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు తడిమీద ఎంతో అందంగా ఉన్నా వెలుతురుకు వెలిసిపోతుంది కనుక దానిని నా పెట్టెలోంచి తీసేశాను. మన నేలల ఎరుపుకు బర్న్ట్ సియన్నా చాలు. మన మట్టిని ఎర్రగా చేసే ఇనుప ఆక్సైడే ఆ రంగులోనూ ఉంటుంది, అది ఎండకు చెక్కుచెదరదు. ఈ సంగతి మొదట తెలుసుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

తైలవర్ణాల గడువు పెరగడానికి కారణం వేరు. నీటిరంగుల్లోని నీరు ఆవిరైపోతుంది, కానీ తైలవర్ణాల్లోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. రంగు మందంగా పడిన చోట పైన ఆరినట్టున్నా లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, ఆ తేమలో ఆలస్యం మరింత పెరుగుతుంది. కాబట్టి దసరా తర్వాత ఇచ్చే తైలవర్ణ ఆర్డర్లు సంక్రాంతికి అందవు, వేసవి మొదట్లో ఇస్తాను. చివరి వార్నిష్ పూత మరో ఆరు నెలలు ఆగి వేయాలి. చిత్రాన్ని తిరిగి తెస్తే ఆ పూత ఉచితంగా వేసిస్తాను. గృహప్రవేశం పది రోజుల్లో ఉందని వచ్చేవారు దయచేసి నీటిరంగుల చిత్రమో, యాక్రిలిక్ చిత్రమో తీసుకోండి.

ముద్రిత ప్రతులు 800 రూపాయలకే కొనసాగుతాయి. అవి చేత్తో వేసినవి కావని వెనుక స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇప్పటికే ఇంట్లో ఉన్న చిత్రాలను పడమటి ఎండ నేరుగా తగిలే గోడకు తగిలించకండి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే ఫ్రేము వెనుక నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటించండి, గాలి ఆడితే కాగితానికి బూజు పట్టదు. ఆ ముక్కలు అంగడిలో ఊరికే ఇస్తాను.

దసరాకు ముందు తీసుకున్న ఫోటో ఆర్డర్లన్నీ పాత ధరకే పూర్తి చేస్తాను. వాటిలో మీ ఊరు ఉమ్మడి జిల్లాలోదై, ఫోటో బదులు నేను స్వయంగా వచ్చి వేయాలని మీరు కోరుకుంటే, ప్రయాణ ఖర్చు కూడా తీసుకోను. మొత్తంగా వద్దనుకున్నవారు రసీదు చూపితే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను.