ఎత్తు పెంచితే బ్రేకు హోసులూ చూడాలి
సంపాదకులకు,
ఇంటి షెడ్డులో ట్రక్కును ఆఫ్‌రోడ్‌కు మార్చేవాళ్లు ఎత్తు మీద పెట్టే శ్రద్ధ బ్రేకు హోసుల మీద, అంటే చక్రాల బ్రేకులకు ద్రవం తీసుకెళ్లే రబ్బరు గొట్టాల మీద, పెట్టడం లేదు. బండి ఎత్తును 4 అంగుళాలు పెంచాక ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌ను (చక్రాల ఇరుసును) పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. హోసు బిగుసుకుంటే పొడవైనది వేయాల్సిందే. లాగి సరిపెడితే చక్రం గోతిలోకి దిగినప్పుడు తెగుతుంది, అక్కడితో బ్రేకు పోయినట్టే. లీఫ్ స్ప్రింగు (పట్టీల స్ప్రింగు) చివర్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. స్ప్రింగును యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వాడాలి. 31 అంగుళాల టైర్ల చోట 35 వేస్తే మీటరు 80 చూపినప్పుడు అసలు వేగం సుమారు 90! మీ ఆటో పేజీలో ఫొటోలతో పాటు ఇవీ రాయించండి.
- ఒక పాఠకుడు