ఓటు వేరైనా అన్నయ్య అన్నయ్యే

సంపాదకులకు నమస్కారం.

రాజకీయాల్లో మా అన్నయ్యకీ నాకూ ఒక్క మాట కూడా కలవదు. గత ఎన్నికలప్పుడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో గొడవపడి నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. ఆ టెన్షన్‌కి ఎక్కువగా నలిగిపోయింది అమ్మ. తర్వాత నాకు ఆపరేషన్ అయినప్పుడు, రాత్రంతా మంచం పక్కన కుర్చీలో మేలుకుని కూర్చున్నది అన్నయ్యే.

తన అభిప్రాయాలు తప్పని ఇప్పటికీ అంటాను, గట్టిగానే. కాకపోతే ఫార్వర్డ్ మెసేజీలతో కాదు, ఎదురుగా కూర్చుని.

ఓటు రహస్యంగా ఉండాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 21వ అధికరణం చెబుతుంది. ఆ రహస్యం ఇంట్లోవాళ్ల దగ్గరా ఉండాలి. అందుకే ‘ఎవరికి వేశావు?’ అని అడగడం మానేశాను. బీపీ మాత్ర వేసుకున్నావా అని మాత్రం రోజూ అడుగుతున్నాను.

– ఒక చెల్లెలు