కంటిచూపు తగ్గినవారి లైసెన్సు: దాపరికం కాదు, పరీక్ష కావాలి

సంపాదకులకు,

రెటీనా ఊడిపోవడంతో నాలుగేళ్ల కిందట నా ఎడమ కంటి చూపు పోయింది. ఇరవై ఏళ్లకు పైగా కారు నడిపిన నేను ఆ తరువాత రెండేళ్లు తాళంచెవి ముట్టుకోలేదు. కంటి వైద్యులు నడపవద్దనలేదు. మిగిలిన కంటికి అలవాటు పడేదాకా ఆగమన్నారు. ఇక చాలించమన్నది ఇంట్లోవాళ్లు. ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లాలన్నా, పెందుర్తిలో ఉన్న అమ్మను చూడాలన్నా ఎవరో ఒకరి తీరిక కోసం కాచుకునేదాన్ని. "ఇవాళ కుదరదక్కా" అన్న మాట వినవలసి వస్తుందేమోనని అసలు అడగడమే మానుకున్న రోజులు, చూపు పోయిన బాధ కన్నా నన్ను ఎక్కువగా కుంగదీశాయి.

తిరిగి నడపాలని నిశ్చయించుకుని లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఎదురైనదే ఈ లేఖకు కారణం. దరఖాస్తు నింపిపెట్టే ఏజెంటు "ఒక కన్ను సంగతి రాయకండమ్మా, ఎవరూ చూడరు" అని సలహా ఇచ్చాడు. వైద్య ధ్రువపత్రం ఇవ్వవలసిన డాక్టరు నా ముఖం వైపు చూడకుండానే సంతకం చేయబోయారు. నిజానికి దాచవలసిన అవసరమే లేదు. కనీసం ఐదేళ్లు లైసెన్సు ఉండి, ఆ తరువాత ఒక కంటి చూపు కోల్పోయినవారు, స్టీరింగు వైపు బయటి అద్దం ఉన్న తేలికపాటి సొంత వాహనానికి దరఖాస్తు చేసుకోవచ్చని, మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం-1 లోని ప్రశ్నలోనే ఉంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న నంబరు ప్లేటును, అవసరమైతే కళ్లద్దాలతో, గుర్తించగలిగితే చాలు. బ్రాకెట్లలో ఇరుక్కుపోయిన ఆ నాలుగు ముక్కలను నేను చూపించేదాకా అక్కడ ఎవరూ చదివినట్టు లేరు.

అయితే ఆ 25 మీటర్ల నిబంధన ఒక్కటే చాలదన్నది నా అభిప్రాయం. నంబరు ప్లేటు చదవగలిగినంత మాత్రాన మద్దిలపాలెం కూడలిలో పక్కనుంచి దూసుకొచ్చే ఆటో కనబడుతుందని చెప్పలేము. నీటికాసులు (గ్లకోమా) ఉన్నవారికి ఎదుటి అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తూ పక్కచూపు మెల్లగా, వారికే తెలియకుండా, తగ్గిపోతుంది. బ్రిటన్‌లో 20 మీటర్ల నంబరు ప్లేటు పరీక్షతో పాటు చూపు పరిధి అడ్డంగా కనీసం 120 డిగ్రీలు ఉండాలన్న నియమం ఉన్నది ఇందుకే. అమెరికాలోని పలు రాష్ట్రాలు, 2009 నుంచి నెదర్లాండ్స్, కళ్లద్దాల పైభాగంలో చిన్న దూరదర్శిని అమర్చిన బయాప్టిక్ అద్దాలతో నడపడానికి కూడా శిక్షణ, పరీక్ష పెట్టి అనుమతిస్తున్నాయి. మన దేశంలోనూ స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికి 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించింది. వైకల్యం పేరు చూసి కాక, దాని మోతాదు చూసి నిర్ణయించడం మనకు చేతకానిదేమీ కాదు.

నా సంగతే తీసుకుంటే, మొదట్లో దూరం అంచనా అందక గ్లాసులో పోయవలసిన నీళ్లు బల్ల మీద పోసేదాన్ని. ఆదివారాలు తెల్లవారాక తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఋషికొండ రోడ్డు మీద నెలల తరబడి సాధన చేశాను. మన ఊళ్లో ద్విచక్రవాహనాలు ఎడమ నుంచే దాటుతాయి, నాకు చూపు లేనిదీ ఎడమే. కాబట్టి మెడ పూర్తిగా తిప్పి చూడనిదే పక్కకు జరగను. ఎదుటి హెడ్‌లైట్ల మెరుపుకు తట్టుకోలేక సాయంత్రం ఐదు దాటితే కారు తీయను, ఎన్ఏడీ ఫ్లైఓవరు వైపు అసలు వెళ్లను. ఇవన్నీ నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లే తప్ప, నా లైసెన్సు మీద ఎవరూ రాయలేదు.

రాయాలని కోరుతున్నాను. చూపు తగ్గినవారికి హనుమంతవాకలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్యశాలలోనో, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో చూపు పరిధి పరీక్ష చేయించి, ఆపైన రోడ్డు మీద అధికారి పక్కన కూర్చుని నడిపించి చూసి, పగటిపూట మాత్రమే నడపాలన్న షరతుతోనైనా లైసెన్సు ఇచ్చే పద్ధతిని రవాణా శాఖ పరిశీలించాలి. ఆ పరీక్షలో కొందరు నెగ్గరు. నేనూ నెగ్గకపోవచ్చు, అప్పుడు తాళంచెవి ఇచ్చేస్తాను. నాకిప్పుడు యాభై ఏడేళ్లు. ఈ వయసులో లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు గనుక మళ్లీ అదే బల్ల ముందు నిలబడక తప్పదు. ఈసారైనా సంతకానికి ముందు నా కంటిని పరీక్షించమని ముందుగానే అడుగుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం