ఇవాళ డాక్టర్ లౌన్ గారిని తలుచుకుందాం

సార్లకీ, మేడమ్‌లకీ, సిస్టర్లకీ నమస్తే. ఇవాళ ఫిబ్రవరి 16. డాక్టర్ బెర్నార్డ్ లౌన్ గారు 2021లో ఇదే రోజున, 99 ఏళ్ళ వయసులో పోయారు. మన ఐసీయూలో పేషెంట్ గుండె లయ తప్పితే కరెంటు షాక్ ఇచ్చే మిషన్, డీసీ డీఫిబ్రిలేటర్, 1960ల మొదట్లో ఆయన చేతుల మీదుగా వచ్చిందే.

లిథువేనియాలో యూదు కుటుంబంలో పుట్టి, 14 ఏళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికా చేరారు.

నాకు మాత్రం ఆ మిషన్ కన్నా కుర్చీ కథే ఇష్టం. అప్పట్లో హార్ట్ ఎటాక్ వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు, పక్కకి ఒత్తిగిలాలన్నా భయమే. బోస్టన్‌లో ఈయనా, గురువు శామ్యూల్ లెవీన్ గారూ రోగుల్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. తోటి డాక్టర్లు మండిపడ్డారు. రోగులు మాత్రం తేరుకున్నారు. (మన వార్డులో రెండో రోజే కుర్చీ వేస్తే గొడవపడే పేషెంట్ బంధువులకి ఇది చెప్పండి!)

1985లో అణుయుద్ధాన్ని వ్యతిరేకించే డాక్టర్ల సంఘానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. దాన్ని స్థాపించిన వాళ్ళలో ఈయనొకరు. ఓస్లోలో విలేకరుల సమావేశం జరుగుతుండగా ఓ రష్యన్ విలేకరి గుండె ఆగి కూలిపోయాడు. లౌన్ గారూ, సోవియట్ డాక్టర్ చాజోవ్ గారూ కెమెరాల ముందే ఛాతీ నొక్కి బతికించారు.

భార్య లూయీస్ గారితో 70 ఏళ్ళు దాటిన కాపురం, ముగ్గురు పిల్లలు. ఆవిడ 2019లో వెళ్ళిపోయారు, ఆ తర్వాత ఈయనా.

యూదులు వర్ధంతికి ఇంట్లో ఒక దీపం పెడతారు, అది రోజంతా వెలుగుతుంది. సాయంత్రం డ్యూటీ రూములో మనమూ ఒకటి పెడదాం. ఆక్సిజన్ పాయింట్లకి దూరంగా, సిస్టర్, మర్చిపోకండి.